పొంగిన పాల లెక్క

ఇంటిపట్టున ఉండి పిల్లలను పెంచేవారి దినచర్యలో జరిగే చిన్న పొరపాట్లను పొరపాట్లని ఎవరు తేలుస్తారన్న ప్రశ్నను నీతిశాస్త్రమూ అర్థశాస్త్రమూ పెద్దగా పట్టించుకోలేదు. పాలు పొంగడం, పప్పు అడుగంటడం, బడి వేళకు బిడ్డ చొక్కాకు గుండీ లేదని తెలియడం వంటివి చర్చకు తగనంత అల్పమైనవని అందరూ ఒప్పుకుంటారు గానీ, అంత అల్పమైనవే అయితే అవి జరిగిన ఇంట్లో పూటంతా ఎందుకు చెడిపోతుందో ఎవరూ చెప్పరు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెతను నమ్మేవారు ఇంటిని చూస్తారు తప్ప, ఆ ఇంట్లో ఒకే నిమిషంలో ఎన్ని పనులు ఒకే మనిషిని పిలుస్తాయో చూడరు. ఆడవారికి పది పనులు ఒకేసారి చక్కబెట్టే నేర్పు పుట్టుకతోనే ఉంటుందన్న పొగడ్త అంతకంటే చెడ్డది. తిట్టుకైతే బదులు చెప్పవచ్చు, పొగడ్తకు ఏమని చెబుతారు?

ప్రభుత్వ గణాంకాలు ఈ విషయాన్ని తాకీ తాకనట్టు వదిలేస్తాయి. మనుషులు రోజులోని ఇరవైనాలుగు గంటలను ఏయే పనుల్లో గడుపుతారో అడిగి రాసుకునే సమయ వినియోగ సర్వే 2019లో దేశమంతటా జరిగినప్పుడు, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఈ అంకెలతో అసమానతను నిరూపించవచ్చు, నిరూపించాలి కూడా. అయితే ఆ 2019 సర్వే రోజును అరగంట ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో కనీసం పది నిమిషాలు సాగిన పనులనే నమోదు చేసింది. పాలు పొంగడానికి పది నిమిషాలు అక్కర్లేదు. పొయ్యి మీది నుంచి చూపు పక్కకు మళ్ళి తిరిగి వచ్చేలోపు జరిగిపోయే సంగతి ఏ లెక్కకూ అందదు. తర్వాత గట్టు తుడవడానికి పట్టిన సమయం మాత్రం, అది తగినంత సాగితే, పని కిందికి వస్తుంది.

గుర్రంకొండలో కోట ఉన్న కొండ కిందనో, మదనపల్లె, పుంగనూరు వైపు ఏ పల్లెలోనో ఒక ఉదయాన్ని తీసుకుంటే సందేహం మరింత చిక్కబడుతుంది. రెండు మంటల గ్యాసు పొయ్యి మీద ఒక వైపు పాలు, మరొక వైపు సంగటి ఉంటాయి. సంగటి అంటే బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి కట్టెతో గెలికి ముద్ద చేసే వంటకం. పిండి పోసిన తర్వాత గెలికే ఆ కాసేపు చేయి ఆగితే ఉండలు కడుతుంది. సరిగ్గా అప్పుడే పెరట్లో మూడేళ్ళ పిల్లవాడి చప్పుడు ఆగిపోతుంది. పిల్లలున్న ఇంట్లో చప్పుడు ఆగడమే అన్నిటికంటే పెద్ద చప్పుడు, ఎందుకంటే పెరట్లో నీళ్ళతొట్టి ఉంది. తల్లి కట్టె వదిలి పరుగెత్తుతుంది. పిల్లవాడు తొట్టి దగ్గరే ఉంటాడు, కానీ గట్టు మీద పాకే చీమలను చూస్తూ ఉంటాడు. ఆమె తిరిగి వచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయి ఉంటుంది, సంగటి ఉండలు కట్టి ఉంటుంది. అప్పుడు వంటింట్లోకి వచ్చినవారికి ఉండలు కనిపిస్తాయి, పొంగిన పాలు కనిపిస్తాయి, తొట్టిలో పడని పిల్లవాడు మాత్రం కనిపించడు, ఎందుకంటే జరగనిదానికి రూపం ఉండదు. ఆమె చేసిన సరైన నిర్ణయానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం పాడైన వంట.

ఈ చోట మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని తలచుకోకుండా ఉండడం కష్టం, ఎందుకంటే ధ్యాస గురించి ఆయన జీవితమంతా మాట్లాడారు. ధ్యాస ముక్కలు కాకూడదని చెప్పిన ఆ బోధను, వంట వేరెవరో చూసుకునే మనిషి మాత్రమే చెప్పగలిగిన మాటగా తోసిపుచ్చవచ్చు. అయితే రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని ఓహైలో ఆయన స్వయంగా ఆవు పాలు పితికారు, కోళ్ళను, కూరగాయల తోటను చూసుకున్నారు. కాబట్టి ఆ ఆక్షేపణ పూర్తిగా నిలవదు. పితుకుతున్నప్పుడు కొంగు పట్టి లాగే బిడ్డ పక్కన లేడన్నంత వరకు మాత్రం నిలుస్తుంది. పైగా ఆయన ఏకాగ్రతను, అంటే ఒకదానిపై మనసు నిలిపి మిగతావాటిని బయటికి నెట్టడాన్ని, ధ్యాసగా ఒప్పుకోలేదు. దేనినీ నెట్టివేయకుండా అన్నిటినీ గమనించడమే ధ్యాస అన్నారు. ఆ నిర్వచనం ప్రకారం సంగటి గెలుకుతూనే పెరటి నిశ్శబ్దాన్ని విన్న తల్లికి ధ్యాస తప్పలేదు. పాలు పొంగినది ఆమె ధ్యాస వల్లనే. ఈ ముగింపు ఎంత ఇంపుగా ఉందో అంత ప్రమాదకరం కూడా, ఎందుకంటే వంటింటి చాకిరీకి ఆధ్యాత్మిక గౌరవం కట్టబెట్టిన తర్వాత పొయ్యి ఆపడానికి లేచి రావలసిన పని ఇంకెవరికీ ఉండదు.

తప్పు పాలలో లేదని చెప్పడానికి ఈ ప్రాంతంలోనే మరో ఆధారం ఉంది. రాయచోటి చుట్టుపక్కల నుంచి ఎందరో స్త్రీలు కువైట్‌లో ఇంటిపనికి వెళతారు. వారిని ఇక్కడ ఖద్దామాలంటారు. అక్కడ పరాయి బిడ్డలను చూసుకున్నందుకు నెలజీతం ఉంటుంది, ఇక్కడ సొంత బిడ్డలను అవ్వో తండ్రో చూసుకుంటారు. తండ్రి పాలు పొంగిస్తే ఇరుగుపొరుగు "పాపం, మగమనిషి" అంటారు. అదే పొయ్యి, అన్నే పాలు. 2011 జనగణనలో ఇంటిపనే ముఖ్య వ్యాపకమని నమోదైన పురుషులు దాదాపు 58 లక్షలు కాగా స్త్రీలు దాదాపు 16 కోట్లు. ఆ కొద్దిమంది పురుషుల పొరపాటు జాలిని పుట్టిస్తుంది, ఆ కోట్లమంది స్త్రీల పొరపాటు నిందను పుట్టిస్తుంది.

ఇంతవరకు వాదన తల్లిని నిర్దోషిగా తేల్చే వైపే నడిచింది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఉండలెందుకు కట్టిందని అత్త అడిగినప్పుడు కోడలి నోటికి ముందుగా వచ్చే మాట "వీడి వల్లే అత్తా" అన్నది, అది అబద్ధం కూడా కాదు. కానీ చీమలను చూడడం తప్ప పిల్లవాడు చేసిందేమీ లేదు. తల్లిని విడిపించిన తర్కమే, ఇంట్లో అందరికంటే చిన్నవాడిని, తన తరఫున ఒక్క మాటా చెప్పుకోలేనివాడిని దోషిగా నిలబెడుతుంది. అది చూసిన తల్లులు చాలాసార్లు మాట మార్చి "నేనే చూసుకోలేదు" అంటారు. చూసుకోలేదన్నది అబద్ధం, చూసుకున్నందుకే వంట చెడింది. అయినా ఎవరో ఒకరు మోయవలసిన నిందను మోయగలిగినవారే మోయడం కంటే మేలైన తీర్పు ఈ విచారణకు దొరకడం లేదు. నాలుగో మనిషి లేచి పొయ్యి ఆపి ఉంటే ఈ తీర్పే అవసరమయ్యేది కాదన్నది వేరే సంగతి. ఆయన ఆ సమయంలో వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, ఆయన ధ్యాస గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.