ఎవరిని అడిగి యుద్ధం?

రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా మా తరగతుల్లో ఒక ప్రశ్న లేస్తుంది. జర్మనీ పోలండ్ మీద పడితే ఇంగ్లండ్ సైన్యాన్ని పంపింది, సరే. నడుమ మన దేశం ఎందుకు పోయింది? గోదావరిఖని పిల్లలు దీన్ని సూటిగానే అడుగుతారు. డ్యూటీ వేసేది ఒకరు, బాయిలోకి దిగేది మరొకరు అన్న ముచ్చట ఇంట్లో విని పెరిగిన పిల్లలు వాళ్లు.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందన్నాడు. ఇక్కడి శాసనసభలను అడగలేదు, నాయకులను అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం అక్టోబరులోనే దిగిపోయింది. కమ్యూనిస్టులు మొదట దీన్ని సామ్రాజ్యవాద యుద్ధమన్నారు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేశాక వాళ్ల మాట మారింది, అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా మొదలయ్యేసరికి, నిన్నటిదాకా ఒకే జెండా కింద నడిచిన వాళ్లు ఎదురెదురుగా నిలబడ్డారు. అంబేద్కర్, ఎం.ఎన్. రాయ్ కూడా ముందు హిట్లర్ ఓడాలన్న వైపే ఉన్నారు.

ఎవరిది న్యాయం? ఉపాధ్యాయులం కూర్చున్నప్పుడు మాలోనూ ఈ మాట మీద వాదం తెగదు. ఒక్కటి మాత్రం మేము గట్టిగా అంటాం: హిట్లర్ ఓడవలసిందే. యూదులతో పాటు రోమా అనే సంచార జనాన్ని కూడా అతని ప్రభుత్వం శిబిరాల్లో పెట్టి చంపింది. పుట్టుకనే నేరంగా చూసే చట్టాలు ఎట్లా ఉంటాయో మన దేశంలోని తెగలకూ తెలుసు. అందుకని ఆ యుద్ధం ఎవరిదో, మనకెందుకు అని మేము అనలేం. అట్లని, పని మంచిది కాబట్టి అడగనక్కరలేదన్న మాటనూ ఒప్పుకోలేం. మంచి పనే అయితే అడగడానికి భయమెందుకు?

ఇక గోదావరి అవతలికి పోదాం. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్ విమానాలతో పోరాడిన బ్రిటిష్ వాయుసేన దళాల్లో రెండింటికి హైదరాబాద్ పేరు ఉండేది. వాటి నంబర్లు 152, 253. నిజాం యుద్ధానికి ఇచ్చిన విరాళాలకు గుర్తుగా పెట్టిన పేరు అది. సరిగ్గా ఆ ఏడాదే ఆసిఫాబాద్ అడవుల్లో, జోడేఘాట్ గుట్టల మీద, పన్నెండు గూడేల భూమి తమదేనన్న కొమురం భీమును, అతని సహచరులను నిజాం పోలీసులు కాల్చి చంపారు. లోకం స్వేచ్ఛ కోసమని పైసలు అక్కడికి పోయాయి, తూటాలు ఇక్కడికి వచ్చాయి. యుద్ధం మీద కాంగ్రెస్, కమ్యూనిస్టులు చేసిన వాదనలు మేము చదివినంతలో జోడేఘాట్ ఊసు కనబడదు. మమ్మల్ని అడిగారా అని వైస్రాయిని నిలదీసిన వాళ్లకూ గూడెం గుర్తుకు రాలేదు.

చరిత్ర తమాషా ఇంకొకటి. హైమండార్ఫ్ పేరు వినని గిరిజన ఉపాధ్యాయుడు మా వైపు ఉండడు. ఆయన ఆస్ట్రియాలో పుట్టి జర్మన్ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉన్నాడు. యుద్ధం రాగానే బ్రిటిష్ వాళ్లు శత్రుదేశస్థుడని హైదరాబాద్ రాజ్యంలోనే ఉంచేశారు. భీము చనిపోయాక గోండుల బాధలు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం పంపింది ఆయననే. మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ, గోండిలో వాచకాలు అట్లా వచ్చాయి. మా వృత్తికి మొదటి మెట్టు ఆ అడగని యుద్ధం వల్లే పడిందంటే, దాన్ని పూర్తిగా తిట్టనూ లేం, పొగడనూ లేం.

ఇంత చెప్పి మా సంగతి దాచడం బాగుండదు. కొన్నేళ్ల కింద మంథని వైపు ఒక గూడెం బడిని వాగు అవతలి పెద్ద బడిలో కలపాలని ఆలోచన వచ్చింది. పిల్లలకు మంచిదని మేమే నమ్మాం, మేమే ఊళ్లో చెప్పాం. పటేలు, నలుగురు చదువుకున్న యువకులు సంతకాలు పెట్టారు. మీటింగు అయిపోయి గ్లాసులు ఎత్తుతుంటే గోడకు ఆనుకొని కూర్చున్న ఒక అవ్వ లేచి, "సదువు మంచిదే సారూ, కాదంటలేను. పొద్దుగాల పోరగాండ్లను వాగు దాటిచ్చేది మేము. మమ్ములనెవ్వలన్న అడిగిండ్రా?" అన్నది.

మేము పటేలు మొహం చూశాం. పటేలు మా మొహం చూశాడు. కాగితం అప్పటికే మండలానికి పోయే సంచిలో ఉంది. దాన్ని బయటికి తీసి, మళ్లీ చాప పరిచి కూర్చున్నాం. ఈసారి ఆడవాళ్లు ముందు కూర్చున్నారు. అర్ధరాత్రి దాకా మాట్లాడారు. వానాకాలం పోయేదాకా బడి ఇక్కడే ఉండాలన్నారు.