చొక్కా ముద్దు, మనిషి వద్దా?

మా వీధి కుర్రాడి టీషర్టు మీద మూడు మొనల కిరీటం బొమ్మ ఉంది. ఏమిటని అడిగాం. 'కంపెనీ గుర్తు చాచా' అన్నాడు. కంపెనీది కాదు. అదొక నల్లజాతి చిత్రకారుడి గుర్తు. పేరు జాన్ మిషెల్ బాస్కియా.

1960లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది హైతీ. తల్లివాళ్లది పోర్టోరికో. ఏ ఆర్టు కాలేజీ గడపా తొక్కలేదు. తల్లి తిప్పిన మ్యూజియాలు, కారు గుద్ది ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఆమె తెచ్చిచ్చిన శరీరశాస్త్ర పుస్తకం, ఇవే అతని బడి. మిత్రుడితో కలిసి 'సామో' పేరుతో గోడల మీద రాశాడు. ఇల్లొదిలి, పోస్టుకార్డుల మీద, స్వెట్‌షర్టుల మీద బొమ్మలేసి వీధిలో అమ్ముకుని బతికాడు. గోడ, గుడ్డ, కాన్వాసు అతనికి వేర్వేరు కాలేదు. పేరొచ్చాక అర్మానీ సూటు తొడుక్కునే బొమ్మలేసేవాడు. ఆ రంగు మరకల సూటుతోనే బయటికెళ్లేవాడు. 1987లో కామ్ దె గార్సాన్ ఫ్యాషన్ షోలో నడిచాడు. 1988లో 27 ఏళ్లకే మత్తుమందుకి బలైపోయాడు.

అంత ఖరీదైన సూటు తొడిగినా, టాక్సీలు అతని కోసం ఆగేవి కావని తెలిసినవాళ్లు చెప్పారు. 1983లో మైకేల్ స్టీవర్ట్ అనే నల్లజాతి యువకుణ్ణి, స్టేషన్ గోడ మీద రాశాడంటూ పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లోనే కోమాలోకెళ్లి చనిపోయాడు. 1985లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ చావుని బాస్కియా బొమ్మగా వేశాడు. తనూ గోడల మీద రాసినవాడే కదా!

2017లో అతని బొమ్మ ఒకటి 11 కోట్ల డాలర్లకి పైగా పలికింది. అతని కిరీటం ఇప్పుడు టీషర్టుల మీద ఊరూరా తిరుగుతోంది. ఆగని టాక్సీలో ఇవాళ ఆ చొక్కా దర్జాగా కూర్చుంటుంది.

ఈ సంగతి మాకు కొత్త కాదు. ఎవరింటి పెళ్లికైనా వరుడికి షేర్వానీ కావాలి. దాన్ని కుట్టిన సాయిబు అద్దె ఇంటికి వెళ్తే మాత్రం 'వేరేవాళ్లకి ఇచ్చేశాం' అంటారు.

ఇక్కడితో ఆపేస్తే మమ్మల్ని మేం మోసం చేసుకున్నట్టే. మర్ఫా మోగకపోతే హైదరాబాదులో మా బరాత్ కదలదు. ఆ దరువులో యెమెన్ అరబ్బులతోపాటు ఆఫ్రికా సిద్దీల చెయ్యీ ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. మసీదులో సిద్దీల భుజం మా భుజానికి తగులుతుంది. సంబంధం మాట వచ్చేసరికి మాలో ఎందరి నోళ్లు పెగులుతాయి? టోలిచౌకీలో చదువుకోడానికొచ్చిన సోమాలీ, సూడానీ పిల్లల్ని చాటుగా ఏమని పిలుస్తున్నాం? మాకు జరిగితే వివక్ష, మేం చేస్తే అలవాటా?

బొమ్మ తొడుక్కోవడం తప్పని మేం అనం. వీధిలో పుట్టిన బొమ్మ వీధికి తిరిగిరావడం న్యాయమే. అయితే తొడుక్కున్నవాడు ఆ మనిషికి బాకీ పడతాడు. ఆ బాకీ దుకాణంలో తీరేది కాదు.

కుర్రాడికి ఈ కథంతా చెప్పాం. 'అయితే చొక్కా విప్పెయ్యాలా?' అన్నాడు.

వద్దు బేటా, తొడుక్కో. గది అద్దెకి ఉందా అని ఆ సూడాన్ కుర్రాడు మన గుమ్మంలో నిలబడ్డ రోజున, ఆ చొక్కాతోనే వెళ్లి తలుపు తియ్.