సాయంకాలపు పానపాత్ర

మద్యపానమును ఖండించుచు వెలువడిన కరపత్రములలో త్రాగుబోతును వర్ణించుట మిక్కిలి సులభమైన పని. కాలువగట్టున మైమఱచి పడియున్నవాఁడు, భార్య మెడలోని పుస్తెలను కుదువఁబెట్టినవాఁడు, బిడ్డల నాఁకటికి విడిచి సారాదుకాణమున రాత్రి గడపువాఁడు వానియందుఁ గనఁబడుదురు. చదువరి వారినిఁ జూచి జాలిపడును, రోఁతపడును. పిదప పత్రమును మడిచి ప్రక్కనఁ బెట్టి, “నే నిట్టివాఁడను గాను గదా” యని తృప్తిపడును. అట్టి పత్రములవలన త్రాగుబోతునకు మేలు కలుగలేదు. ఏలయన వాఁడు వానిని చదువఁడు. చదివినవానికిని మేలు కలుగలేదు. ఏలయన నవి యతనిఁగూర్చి వ్రాసినవి గావు.

కావున నేను మఱియొకని మాట నెత్తుకొనుచున్నాను. ఇతఁడు విద్యావంతుఁడు, గౌరవనీయుఁడు. పగలెల్ల న్యాయస్థానముననో వైద్యశాలయందో కష్టపడి పనిచేయును. ప్రొద్దుగ్రుంకిన తరువాత ఇల్లు చేరి, స్నానము చేసి, వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండి, గాజుపాత్రలో రెండువ్రేళ్ల మందమున స్కాచి విస్కీ పోసికొనును. ఒక్కొక్కప్పుడు మిత్రుఁ డొకఁడు తోడుండును. ఇతఁడు తూలఁడు, కేకలు వేయఁడు, అప్పుచేయఁడు, ఎవ్వరిమీఁదను చేయి యెత్తఁడు. తొమ్మిదిగంటలకు భోజనము చేసి పదిగంటలకు నిద్రించును. మఱునాఁడు యథాప్రకారము పనికిఁ బోవును. సభలకు వచ్చును, బాలికల చదువునకు చందా లిచ్చును, కులభేదమును పాటింపఁడు. ఇతనియందు దోషమేమి? దోష మున్నదని చెప్పుదుమా, కారణము చూపవలెను. లేదని చెప్పుదుమా, మన మిన్నాళ్లు చేసిన బోధ పేదవాని కొకటియు పెద్దమనుష్యుని కొకటియు నని యొప్పుకొనవలసివచ్చును.

ముందుగా నతని పానీయమునకు న్యాయము చేయుదము. తెలియనిదానిని నిందించుట సంస్కర్తకుఁ దగదు. స్కాట్లండు రాజకోశపు లెక్కలలో 1494వ సంవత్సరమున జాన్ కార్ అను క్రైస్తవసన్న్యాసికి మద్యము చేయుటకై మొలకెత్తించిన యవలు ఇచ్చినట్లు వ్రాయఁబడియున్నది. ఆ మద్యమునకు లాటినుభాషలో జీవజలమని పేరు; ఆ దేశపు గేలికుభాషలో నదే యర్థముగల పేరు క్రమముగా నోళ్లలో నరిగి విస్కీ యైనది. యవలను నానఁబెట్టి మొలకెత్తించి, ఎండించి, పిండిచేసి, వేఁడినీటఁ గలిపి తీపిరసమును దీసి, పులియఁబెట్టి, రాగిబట్టీలలో సాధారణముగా రెండుమాఱులు కాఁచి దింపుదురు. ఐలా యను ద్వీపమున యవల నెండించుటకు పీటు అనెడు చిత్తడినేలల నల్లమంటిని కాల్చుటచేత నా పొగవాసన మద్యమునఁ జేరును. పిమ్మట ఓకుచెక్క పీపాలలో మూఁడేండ్లకుఁ దక్కువ గాకుండ నిలువయుంచవలెనని యచ్చటి శాసనము. పీపాలలోనుండి యేఁటేఁట నూటికి రెండువంతులు గాలిలోఁ గలసిపోవును. దానిని దేవదూతల భాగమని వారు నవ్వుచుఁ జెప్పుదురు. (బెంగుళూరి యెండలో నా దేవదూతలకు దాహ మెక్కువ, అచ్చటి పీపాలలో నా భాగము నూటికిఁ బదివఱకు నుండునట.) పండ్రెండేండ్లు, పదునెనిమిదేండ్లు ఓపికతో నుంచిన యీ పానీయమునందు తేనె, పొగ, ఎండుద్రాక్ష, సముద్రపుగాలి, వీని జాడలను వాసనచేతనే గుర్తింపఁగలవా రున్నారు. ఇది నైపుణ్యమే. వీణమీఁది శ్రుతిభేదమును గుర్తించు చెవిని మెచ్చుకొనువారము ఈ నాసికను మాత్ర మేల నిందింపవలెను? రుచిని బుట్టించినవాఁడును ఈశ్వరుఁడే. ఇంద్రియసుఖమంతయుఁ బాపమని చెప్పుట సన్న్యాసుల మతము. గృహస్థుఁడు గృహమునందుండియే బ్రహ్మోపాసన చేయవచ్చునని చెప్పిన మనది గాదు.

మన పెద్దమనుష్యుఁ డింతటితో నూరకుండఁడు. బ్రహ్మసమాజమునకు మూలపురుషుఁడైన రాజా రామమోహనరాయలవారే భోజనసమయమున మితముగా ద్రాక్షామద్యమును పుచ్చుకొనుచుండెడివారని జ్ఞాపకము చేయును. అది నిజము, దాఁచవలసిన పని లేదు. మన మొక మనుష్యుని ప్రవక్తగాఁ జేసి పూజించు మతమువారము గాము గనుక, ఆయన త్రాగినందున త్రాగుట ధర్మమును గాదు, ఆయనను దోషవిముక్తునిఁ జేయుట మనకు విధియును గాదు. అయితే ఆయన 1828లో బ్రహ్మసభను స్థాపించిన కాలముననే ఆ పట్టణమున జరిగిన మఱియొక కథను గూడఁ జెప్పవలెను. కలకత్తా హిందూకళాశాలయందు 1826 మొదలు 1831 వఱకు డిరోజియో బోధించెను. ఆ కాలమునను అటుపిమ్మటను అచ్చటఁ జదివిన యువకులు కొందఱు మద్యమాంసములను బహిరంగముగాఁ బుచ్చుకొనుట మూఢాచారములను ధిక్కరించుటకు గుఱుతని తలఁచిరి. పూర్వాచారము వలదన్నది గనుక త్రాగుట సంస్కార మయ్యెను! అచ్చట విద్యార్థిగా నున్న రాజనారాయణ బసుగారు యౌవనమునఁ దామును త్రాగినవారే. ఆ సంగతిని స్వీయచరిత్రమున దాఁపక వ్రాసిరి. పిమ్మట మేదినీపురమున మద్యపాననివారణమునకై సభను నెలకొల్పిరి. ఆ కళాశాలలోనే చదివిన మైకేలు మధుసూదన దత్తుగారంతటి మహాకవి 1873లో నలువదితొమ్మిదేండ్ల ప్రాయమున దారిద్ర్యమునను రోగమునను గడతేఱుటకు మద్యమును తోడయ్యెను. కేశవచంద్రసేనుగారు 1870లో ఇంగ్లండునకుఁ బోయి, ఆ దేశపు సభలలోనే నిలిచి, ఆంగ్లప్రభుత్వము హిందూదేశమున సాగనిచ్చిన మద్యవ్యాపారమును ఖండించిరి; తిరిగివచ్చి నెలకొల్పిన భారతసంస్కారసభ పనులలో మద్యపాననివారణము నొకటిగాఁ జేర్చిరి. మన యాంధ్రదేశమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు శీలశుద్ధితోఁ బాటు మద్యవర్జనమును జీవితాంతము బోధించిరి. ఒకతరమువారు మితముగాఁ బట్టిన పాత్రను రెండవతరమువారు జెండాగా నెత్తిరి, మూఁడవతరమువారు దించవలసివచ్చెను. వారు దించినది శాస్త్రమున నిషేధ మున్నదని గాదు. తమతోఁ జదివినవారిని శ్మశానమునకు మోసి వచ్చినందున.

ఇఁక శరీరము మాట. మన పెద్దమనుష్యుని రెండువ్రేళ్ల మందము సుమారు 60 మిల్లీలీటరులు, అనఁగా నొక పెద్ద పెగ్గు. అందు నూటికి నలువదివంతులు, అనఁగా 24 మిల్లీలీటరులు, శుద్ధమైన మద్యసారము. బరువున దాదాపు 19 గ్రాములు. కాలేయము దీనిని మొదట అసిటాల్డిహైడు అను విషపదార్థముగా మార్చి, ఆ విషమును పిదప అసిటేటుగా విఱుచును. ప్రపంచారోగ్యసంస్థకుఁ జేరిన క్యాన్సరుపరిశోధనాలయము 1988లోనే మద్యపానీయములను మనుష్యులకుఁ గ్యాన్సరు గలిగించు వస్తువుల మొదటితరగతిలోఁ జేర్చెను. స్కాచి విస్కీకిఁ బుట్టినిల్లయిన బ్రిటనులోని ప్రధానవైద్యాధికారులు 2016లో స్త్రీపురుషు లెవ్వరైనను వారమునకు 14 యూనిట్లు మించరాదని సలహా యిచ్చిరి. యూనిట్టు అనఁగా 8 గ్రాముల మద్యసారము. దినమున కొక్క పెద్ద పెగ్గు మాత్రమే త్రాగు మన మితపాయి లెక్క కట్టిచూచుకొనిన వారమునకు దాదాపు 17 యూనిట్లగును! మితమను మాటను మనము హృదయముతోఁ గొలుచుచున్నామే కాని గిన్నెతోఁ గొలుచుట లేదు. నిద్రపట్టించునని చెప్పుదురు, పట్టించుట నిజమే, కాని రాత్రి రెండవభాగమున నిద్రను చెదరఁగొట్టుటయు నదియే. ఇంతచెప్పియు, ఈ యొక్క కారణముచేతనే వ్యాజ్యెము గెలిచితిమని నేననను. ఒక్క పాత్రవలన నేఁడో రేపో మరణము వచ్చునని బెదరించుట యసత్యము. తన యొడలికి రాఁగల కొద్దిపాటి యపాయమును తెలిసి యంగీకరించు స్వాతంత్ర్యము వివేకికిఁ గలదు.

నాకుఁ దోఁచిన ముఖ్యవిషయము పాత్రయందు లేదు, గడియారమునందున్నది. రుచియే కావలసినదైనచో ఆదివారపు మధ్యాహ్నమునను ఆ రుచి యట్లే యుండును. అయినను మనస్సు సాయంకాలమునే కోరును. ఏల? ఓడిపోయిన వ్యాజ్యెము, పైయధికారి యన్న మాట, దూరదేశముననున్న కుమారుని మౌనము, తాను పగలు ఆడిన చిన్న యసత్యము, ఇవియన్నియుఁ బనివేళ నణఁగియుండి, పని చాలించి కూర్చున్నతోడనే లేచి యెదుటికి వచ్చును. ఆ వేళకే మన పూర్వులు సంధ్య యని పేరిడి, ఆ వేళను ఊరక విడువరాదనిరి. అర్థమెఱుఁగక ముక్కుపట్టుకొని మంత్రము వల్లించుటను మనము విమర్శించితిమి, సరియే. దానిచోట నుపాసనను నిలుపఁ బ్రయత్నించితిమి. నిలుపలేని యిండ్లలో నా ఖాళీచోటున సీసా వచ్చి కూర్చున్నది.

అది యా చింతలను దీర్పదు. వానికి వాయిదా వేయును. ఎనిమిదిగంటలకు భార్యతో మాటాడవలెనని, తమ్మునికి క్షమాపణ వ్రాయవలెనని, కొడుకును పలుకరింపవలెనని మనస్సున నున్న బాధ తొమ్మిదిగంటల కంత యవసరముగాఁ దోఁపదు. మఱునాఁడు మరల వాయిదా. ఇట్లు పదేండ్లు గడచును. ఇతఁడు మత్తులోఁ జేసిన దుష్కార్య మొక్కటియు లేదు. మత్తువలనఁ జేయక విడిచిన సత్కార్యములను లెక్కింపఁగలవా రెవ్వరు? ఇంటివారికిఁ గొంత తెలిసియుండును. సాయంకాలము ఏడుగంటల తరువాత నాయనతో ముఖ్యమైన మాట లేవియుఁ జెప్పరాదని పిల్లలు తమలోఁదా మేర్పఱచుకొన్న నియమము ఆయన కెప్పుడును వినఁబడదు.

అట్లయిన సంగీతమును నవలయు వాయిదా వేయుట లేదా యని యడుగవచ్చును. వేయును. పాటకచ్చేరిలోఁ దలదాఁచుకొనువా రున్నారు. అయితే పాట ముగిసిన వెంటనే వినినవాఁడు వెనుకటివాఁడే. అతని విమర్శశక్తి చెక్కుచెదరలేదు. మద్యమన్ననో, ఇఁకఁ జాలునా చాలదా యని తీర్పు చెప్పవలసిన యా శక్తినే మొదట నిద్రపుచ్చును. న్యాయాధిపతికే లంచమిచ్చు కక్షిదారుని మాటను ఇతర సాక్షుల మాటతో సమానముగా నెంచఁదగునా?

“నేను కావలసినపు డెల్ల మానఁగలను” అను మాట తఱచుగా వినఁబడును. సంతోషముగా నున్నదినమున మానుట సులభమే. మనస్సు మిక్కిలిగాఁ గోరిన దినమున, అవమానము జరిగిన దినమున, దుఃఖవార్త వచ్చిన దినమున మాని, ఏ చింతయు లేనిదినమున నొక గ్రుక్కెడు రుచి చూచి చాలించువాఁ డున్నచో అతనికి నే నీ పత్రము వ్రాయలేదు. అతనిని నిందింపను. అట్టివా రెందఱున్నారో వారివారి యంతరాత్మకుఁ దెలియును.

ఈ విచారమున మఱియొక సంగతి కలదు. అది మన తరగతికి సిగ్గు గలిగించునది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడులకుఁ బోయి అక్షరములు నేర్చిన పేదస్త్రీలు 1992లో సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993లో సారా నిషేధింపఁబడెను. చదువుకొన్న పెద్దలందఱును హర్షించిరి. 1995 జనవరి 16 నుండి సర్వమద్యమును నిషేధింపఁగా, అదే పెద్దలలోఁ బలువురకు వ్యక్తిస్వాతంత్ర్యము జ్ఞప్తికి వచ్చెను. రాజకోశమునకు నష్టము కనఁబడెను. 1997లో నా నిషేధము సడలింపఁబడెను. శాసనముచేత మద్యము మాన్పవచ్చునా యనునది వేఱు ప్రశ్న. నాకందు నమ్మకము తక్కువ. కాని సారాయందు పాపమును స్కాచియందు నాగరకతను జూచు కన్ను ధర్మమును జూచుట లేదు, వెలను జూచుచున్నది. మఱియొక వింత: మనదేశమున విస్కీ యను పేర నమ్ముడుపోవుదానిలోఁ బెద్దభాగము చెఱకుమడ్డినుండి తీసిన సారమునఁ గొంత ధాన్యమద్యమునో పరిమళమునో చేర్చినది. ధాన్యమునుండి కానిదానిని యూరపుదేశములవారు విస్కీ యని పిలువనియ్యరు. నిషేధింపఁబడిన సారాయు నా మడ్డినుండి పుట్టినదే. వసారాలోని పాత్రకును దుకాణములోని గ్లాసునకును ఇంతదగ్గఱి చుట్టఱికము కలదు.

ఆతిథ్యమునుగూర్చి యొకమాట. ఇంటికి వచ్చినవానికి పాత్ర నందిచ్చి, వలదన్నచో కారణమడిగి, కారణము చెప్పినచో పరిహసించి, మూఁడుమాఱులు బలవంతపెట్టుట మర్యాద యనుకొనువారు మన విద్యావంతులలోనే యెక్కువ. మానవలెనని ప్రయత్నించుచున్న మనుష్యునికి అంతకంటె నపకార మెవ్వరును జేయలేరు. అతఁడు తన రోగమును నలుగురిలోఁ జెప్పుకొనవలెను, లేదా త్రాగవలెను. ఇందు నిమిత్తము ప్రతిజ్ఞాపత్రములు సంతకము చేయనక్కఱలేదు, సభలు కూర్పనక్కఱలేదు. నిమ్మరసమును మజ్జిగను అదే పళ్లెరమున, అదే గౌరవముతో ముందుగాఁ దెచ్చి, ఎవ్వరేది తీసికొనినను మాటాడకుండు గృహస్థు లిప్పటికిని కొంద ఱున్నారు. వారి యిండ్లలో సాయంకాలపు సంభాషణ రాత్రి పదిగంటలకును తెలివిగానే సాగుచుండును.