పెట్టె పేరు చెప్పి పౌరుషమా నాన్నా?

ఏరా అబ్బాయ్, ఇలా వచ్చి అరుగు మీద కూర్చో. ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. పెట్టావా? సరే, విను.

ప్లేస్టేషన్ గొప్పదా, ఎక్స్‌బాక్స్ గొప్పదా అని నువ్వు వాదిస్తుంటే వింటూనే ఉన్నాను. ముచ్చటేస్తుంది కూడా. లోపల ఏ చిప్పు ఉందో, బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో గుక్క తిప్పుకోకుండా చెబుతావు. ఆ శ్రద్ధ లెక్కల పుస్తకం మీద పెడితే ఇంకా సంతోషిస్తాననుకో, ఆ మాట ఇప్పుడు వద్దులే. ఆ పెట్టె పేరు చెప్పి మీ అత్తయ్య కొడుకుతో మాటలు మానేశావు చూడు, అదే నాకు నచ్చలేదు. వాడూ మంచివాడే, నువ్వూ మంచివాడివే. తొందర ఒక్కటే ఇద్దరికీ ఎక్కువ.

ఐ.పోలవరం మండలంలో పుట్టినవాడికి పందెం కోడి గురించి ఒకరు చెప్పాలా? సంక్రాంతికి మురమళ్ల బరుల దగ్గర చూస్తూనే ఉంటావు. కత్తి కట్టించుకునేది కోడి. కొట్టుకునేది కోడి. కూరయ్యేదీ కోడే. పందెం కాసిన పెద్దమనుషులు మాత్రం రాత్రికి పక్కపక్కనే కూర్చుని భోంచేస్తారు. ఈ కంపెనీల తగవులో నీ కాలికీ ఆ కత్తే కట్టారు నాన్నా.

నమ్మవా? ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్‌కి పెద్దదిక్కు మన హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్లే కదా. 2019 మే నెలలో ఆయనా, ప్లేస్టేషన్ చేసే సోనీకి అప్పటి అధినేత కెనిచిరో యోషిదా చేతులు కలిపారు. ఆటల్ని ఇంటర్నెట్ మీదుగా నడిపించడానికి మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ల ఆసరాతో కలిసి పనిచేసే దారి చూద్దామని ఒప్పందం రాసుకున్నారు. బయట మీరేమో వాళ్ల కోసం తిట్టుకుంటున్నారు, లోపల వాళ్లేమో సంతకాలు పెట్టుకుంటున్నారు. ఆ తర్వాత కాల్ ఆఫ్ డ్యూటీ ఆట చేసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని కొంటామని మైక్రోసాఫ్ట్ బేరానికి దిగితే సోనీ గట్టిగానే అడ్డుపడింది. చివరికేమైంది? కాల్ ఆఫ్ డ్యూటీ ప్లేస్టేషన్‌లోనూ వస్తుందని 2023 జూలైలో ఇద్దరూ కాగితం మీద పెట్టుకున్నారు. అక్టోబరులో, దాదాపు 6,900 కోట్ల డాలర్లకి, కొనుగోలు పూర్తయింది. 2024 ఏప్రిల్‌లో అయితే ఎక్స్‌బాక్స్ వాళ్ల సొంత ఆట ‘సీ ఆఫ్ థీవ్స్’ ప్లేస్టేషన్ 5లోకే వచ్చేసింది. లాభం ఎటుంటే అటు నడిచారు. వ్యాపారం అన్నాక అంతే, వాళ్లని తప్పు పట్టను. వాళ్ల వెనక నువ్వెందుకు నడుస్తున్నావనే నా బాధ.

ఈ తగవు ఇవాళ్టిదీ కాదు. 1990ల మొదట్లో అమెరికాలో సెగా వాళ్లు నింటెండోని పేరు పెట్టి మరీ వెక్కిరిస్తూ ప్రకటనలు వేసేవారు. ఈ నింటెండో 1889లో క్యోటోలో పేకముక్కలు తయారుచెయ్యడానికి పెట్టిన సంస్థ, తెలుసా? పేక అంటే మన వాళ్లకి చెవులు నిక్కబొడుచుకుంటాయి గనక చెబుతున్నా. అప్పట్లో అక్కడి పిల్లలు సెగా బొమ్మ సోనిక్ వైపా, నింటెండో బొమ్మ మారియో వైపా అని బడిలో జట్లు కట్టారు. 2001లో సెగా పెట్టెలు చెయ్యడమే మానుకుంది. ఆ సోనిక్ వెళ్లి నింటెండో పెట్టెలోనే చేరాడు. 2007లో మారియో, సోనిక్ ఇద్దరూ ఒకే ఆటలో ఒలింపిక్స్ పరుగులు తీశారు. మరి బడిలో విడిపోయిన ఆ పిల్లల మాటేమిటి? వాళ్ల లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు.

అసలు ఆటలో సరదా ఎక్కడుందో మీ నాన్నని అడుగు. మీ నాన్నా బాబాయీ ఆడింది ఏ కంపెనీదో ఎవరికీ తెలియని నకలు పెట్టె. క్యాసెట్ పట్టకపోతే తీసి, ఉఫ్ఫని ఊది, మళ్లీ గుచ్చేవారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అందులో కాంట్రా అని ఒక ఆట ఉండేది. జలపాతం పక్కన ఇద్దరూ రాళ్ల మీద నుంచి పైకి గెంతుకుంటూ పోవాలి. ఒకడు తొందరపడి పైకెక్కేశాడనుకో, తెర వాడితో పాటు పైకి జరిగిపోతుంది, కింద వెనకబడ్డవాడు చచ్చిపోతాడు. అందుకని “ఆగరా, నేనొస్తున్నా” అని ఒకడు అరవడం, పైవాడు ఆగడం. ఆగకపోతే వీపు మీద ఒక్కటి పడేది! మా ఇల్లు ఎగిరిపోయేది ఆ గోలకి. బొమ్మలు చూస్తే ఇటుక ముక్కల్లా ఉండేవి, అయినా అన్నం తినడానికి పిలిస్తే ఎవడూ కదిలేవాడు కాదు.

నీది నేనూ చూశాను. బొమ్మలు సినిమాలా ఉన్నాయి, కాదనను. కానీ నువ్వు ఆడిన గంటల కంటే ఆ పెట్టె గురించి పోట్లాడిన గంటలే ఎక్కువ. రాత్రి రెండింటికి లేచి చూస్తే నీ గదిలో వెలుగు. ఆట ఆడుతున్నావేమో అనుకున్నా, పోనీలే అనుకున్నా. ఆట కాదు, ముక్కూ ముఖం తెలియని వాడెవడో ఏదో అన్నాడని వాడికి జవాబు కొడుతున్నావు. పొద్దున కళ్లు ఎర్రగా వేసుకుని బడికెళ్లావు. ఆ జవాబు పొద్దుటిదాకా ఆపి ఉంటే, అసలు కొట్టాలనే అనిపించేది కాదు. కోపంలో ఉన్నప్పుడు ఫోను అమ్మకిచ్చి పడుకో. సిగ్గేం లేదు.

ఇంకో మాట. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. మీ నాన్న మస్కట్ ఎండలో పనిచేసి కొనిచ్చింది అలాంటి వస్తువు. మీ అత్తయ్య కొడుకు పెట్టె కంటే నీ పెట్టె గొప్పదనిపించుకోవడానికి కొన్నాడా? తను ఇంట్లో లేని లోటు నీకు తెలియకూడదని కొన్నాడు. నువ్వు అడిగి కొనిపించుకున్న రెండో కంట్రోలర్ ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. తుడిచేటప్పుడల్లా నా కంట పడుతూనే ఉంటుంది.

మీ అత్తయ్య కొడుకు దగ్గర ఎక్స్‌బాక్స్ ఉంటే ఉండనీ. ఒక ఆదివారం వాడింట్లో వాడిది ఆడు, మరో ఆదివారం వాణ్ణి మనింటికి పిలు. నచ్చింది నచ్చిందని చెప్పు, నచ్చకపోతే నవ్వేసి ఊరుకో. ముందు ఇవాళ ఆ కవరు చింపి కంట్రోలర్ చెల్లి చేతికివ్వు. దానికి ఏ బటన్ ఎందుకో తెలియదు, దానివల్ల ఇద్దరూ ఓడిపోతూనే ఉంటారు. విసుక్కోకు, మళ్లీ మొదటి నుంచి ఆడు.