తెర మీది గురువు

జపాన్ సంప్రదాయ ఖడ్గవిద్యను వీడియో చూసి నేర్చుకోవచ్చా అన్న ప్రశ్న వెనుక, జ్ఞానం మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందన్న పాత తాత్విక ప్రశ్న ఉంది. కత్తి పట్టు, అడుగుల వరస, వేటు కోణం తెర బాగానే చూపగలదు. పదేపదే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు కూడా. కానీ ఆ విద్యకు ఆయువుపట్టు ‘కాతా’, అంటే ముందే నిర్ణయించిన కదలికల క్రమం. కతోరి షింతో-ర్యూ వంటి పాత సంప్రదాయాల్లో దాన్ని ఎక్కువగా ఇద్దరు కలిసి సాధన చేస్తారు. అనుభవజ్ఞుడు దాడి చేసి చివరికి ఓడిపోయే పాత్ర తీసుకుంటాడు. శిష్యుడి స్థాయిని బట్టి వేగాన్ని, దూరాన్ని, ఒత్తిడిని మారుస్తాడు. అలా ఓడిపోతూ నేర్పడం తెరకు చేతకాదు. మనం ఎంత తప్పు చేసినా వీడియోలోని కత్తి తన దారిన తాను పోతుంది.

17వ శతాబ్దంలో జెన్ సన్యాసి తకువాన్ సోహో, షోగున్ల (సైనిక పాలకుల) ఖడ్గగురువు యగ్యూ మునెనోరికి రాసిన ఉపదేశ సారం ఒకటే: మనసు ఎదుటి కత్తి మీదా, తన కత్తి మీదా చిక్కుకుపోకూడదు. ఎదుట మనిషే లేనప్పుడు అది చిక్కుకుందో లేదో తేలేదెలా? ఖడ్గవీరుడు మియమోతో ముసాషి తనకు ఏ విద్యలోనూ గురువు లేడని తన గ్రంథం ‘గోరిన్ నో షో’లో చెప్పుకున్నాడు కదా అనవచ్చు. నిజమే, 60కి పైగా పోరాటాలు చేశానని కూడా అందులోనే చెప్పాడు. గురువు లేని లోటును ప్రత్యర్థులు తీర్చారు. దగ్గర్లో శిక్షణాలయం లేనివారి మాటేమిటి? వారికి వీడియో మంచి పరిచయమే, నేర్చినవారికి నేర్చింది గుర్తుచేసే మంచి సాధనమే. అంతవరకే దాన్ని నమ్మండి. కత్తి కొనేముందు మీ తప్పు దిద్దే మనిషిని వెతుక్కోండి.