తెర ముందు పూర్వపక్షం

తరగతిలో బొమ్మ చూపించి పాఠం చెప్పడం పాత అలవాటే. మేజిక్ లాంతరు గాజు పలకలు, ఫిల్మ్ స్ట్రిప్పులు, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పరిచే పారదర్శక షీట్లు ఒకదాని తర్వాత ఒకటి బళ్లలోకి వచ్చి వెళ్లాయి. ఆ వరసలో 1987లో పవర్‌పాయింట్ వచ్చింది. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్‌లు ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో దాన్ని మెకింటాష్ కంప్యూటర్ కోసం తయారు చేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కోటీ 40 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అది బడి కోసం పుట్టిన పనిముట్టు కాదు. సమావేశంలో లేచి నిలబడి తన ప్రతిపాదనకు పదిమందిని ఒప్పించాల్సిన ఉద్యోగి కోసం పుట్టింది. తరగతిలో కూర్చున్నవాళ్లను ఒప్పించనక్కరలేదు, వాళ్లకు అర్థం కావాలి. ఒప్పించడానికి పనికొచ్చిన సాధనం అర్థం చేయించడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఈ చర్చను శాస్త్రగ్రంథాల పద్ధతిలో ఇద్దరికి అప్పగించవచ్చు. పూర్వపక్షి తెరను శంకించేవాడు, సిద్ధాంతి తెర పక్షాన నిలబడేవాడు. పేర్లను బట్టి గెలుపెవరిదో ముందే తేలిపోయిందనుకోనక్కరలేదు. ఈ వాదంలో సిద్ధాంతికి వెనక్కి తగ్గాల్సిన చోట్లు చాలానే ఉన్నాయి.

సిద్ధాంతి సులువైన చోట మొదలుపెడతాడు. “పిల్లల దృష్టి నిలవడం లేదని అందరూ అనేదే. తెర వెలగగానే వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది. ఇంకేం కావాలి?”

“తల ఎత్తితే చూపు దొరికినట్టు. ఆలోచన దొరికినట్టు మీకెలా తెలిసింది?” అంటాడు పూర్వపక్షి. “పైగా ఆ ఎత్తడం కూడా ఎన్నాళ్లు? కొత్త వస్తువు పాతబడేదాకా.”

చరిత్ర ఇక్కడ పూర్వపక్షి వైపే ఉంది. సినిమా వచ్చేసింది కనుక బళ్లలో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని థామస్ ఎడిసన్ 1913లో జోస్యం చెప్పాడు. సినిమా, రేడియో, టెలివిజన్ ఒక్కొక్కటి ఎంత ఆర్భాటంగా అమెరికా తరగతుల్లోకి వచ్చిందో, ఎంత నిశ్శబ్దంగా ఓ మూలకు చేరిందో విద్యా చరిత్రకారుడు ల్యారీ క్యూబన్ 1986లో ఒక పుస్తకమే రాశాడు. ఆంధ్రప్రదేశ్‌కూ అలాంటి అనుభవం ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ‘సైట్’ ప్రయోగంలో భాగంగా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఏడాది గడువు ముగిశాక ఉపగ్రహం వెళ్లిపోయింది.

సిద్ధాంతి తన మాటను సవరించుకుంటాడు. “చూపు చాలదు, సరే. చూపే లేకపోతే ఆలోచన మొదలయ్యేదెట్లా? తెర ఆ మొదటి మెట్టు వేస్తుందంటాను, అంతే.” పూర్వపక్షి దీన్ని కాదనడు. అతని గురి వేరే చోట ఉంది.

“స్లైడు ఖాళీ పాత్ర కాదు. అందులో ఏది పోసినా దాని ఆకారానికి వంగుతుంది,” అని 2003 నాటి కొలంబియా ప్రమాదాన్ని ముందు పెడతాడు. వ్యోమనౌక పైకి లేస్తున్నప్పుడు ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో ఇంజనీర్లు అధికారులకు స్లైడ్లలో వివరించారు. పరీక్షల్లో వాడిన ముక్కల కంటే అసలు ముక్క కొన్ని వందల రెట్లు పెద్దదన్న సంగతి ఒక స్లైడు అట్టడుగున, చిన్న అక్షరాల ఉపవిభాగంలో పడిపోయింది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. సాంకేతిక నివేదికలు ఉండాల్సిన చోట స్లైడ్లు ఉండటాన్ని దర్యాప్తు సంఘం తప్పుపట్టింది. సమాచార చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడును వాక్యం వాక్యం విప్పి చూపాడు.

“అయితే స్లైడే ప్రాణాలు తీసిందంటారా?”

“అనను. రాసినవాళ్ల మనసులోని సందేహానికి ఆ రూపంలో చోటు చాలలేదంటాను. బడిలో ప్రాణాలు పోవు, సంబంధాలు పోతాయి. కాకతీయుల పతనానికి కారణాలు అని నాలుగు పాయింట్లు తెరమీద పెట్టండి: ఢిల్లీ సుల్తానుల వరుస దండయాత్రలు, నాయకుల మధ్య తగవులు, ఖాళీ అయిన ఖజానా, 1323లో ఓరుగల్లు ముట్టడి. ఏది దేనికి దారితీసింది? మొదటిది రెండోదాన్ని పెంచిందా, రెండోదే మొదటిదానికి తలుపు తీసిందా? చరిత్ర పాఠమంటే ఆ ‘కనుక’, ‘అయినా’, ‘అందువల్ల’లే. పాయింట్ల మధ్య ఖాళీలో అవే జారిపోతాయి.”

ఇది ఈ చర్చ మొత్తంలో పూర్వపక్షికి అత్యంత బలమైన చోటు. సిద్ధాంతి జవాబు అంత బలంగా లేదు గానీ తీసిపారేసేదీ కాదు: పాయింట్ల వ్యాధి పవర్‌పాయింట్‌తో పుట్టలేదు. దాని కంటే ముందే గైడ్లు ఉన్నాయి, నాలుగు మార్కుల ప్రశ్నకు నాలుగు పాయింట్లు రాయమని నేర్పిన పరీక్షలు ఉన్నాయి. స్లైడు ఆ అలవాటుకు రంగులు పూసిందంతే. దోషం ఉమ్మడిదని ఇద్దరూ ఇక్కడికి వదిలేస్తారు.

తర్వాతి ప్రశ్న మనసు ఒక్కసారి ఎంత పట్టగలదన్నది. మాట, బొమ్మ రెండు వేర్వేరు దారుల్లో లోపలికి వెళ్తాయని ఆలన్ పైవియో 1971లో ప్రతిపాదించాడు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగే బరువు చాలా తక్కువని, పాఠాన్ని దానికి తగ్గట్టు కూర్చాలని జాన్ స్వెల్లర్ 1980లలో వాదించాడు. ఈ రెంటినీ కలిపి రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఆయన తేల్చిన వాటిలో తరగతికి అన్నిటికన్నా పనికొచ్చేది ఒకటుంది. బొమ్మ చూపిస్తూ నోటితో వివరిస్తే బాగా అర్థమవుతుంది. అదే వివరణను అక్షరాల్లో కూడా తెరమీద పెడితే అర్థం కావడం తగ్గుతుంది. బొమ్మను చూడాల్సిన కన్ను అక్షరాల వెంట పరుగెడుతుంది. మాస్టారు తెరమీది వాక్యాలను తరగతికి వీపు తిప్పి చదివే దృశ్యం ఎంత మామూలో తెలిసినవాళ్లకు, అది ఎంత నష్టమో ఇక్కడ తెలుస్తుంది.

“ఈ మాట చేర్యాల నకాషీ చిత్రకారులకు ప్రయోగశాల లేకుండానే తెలుసు,” అంటాడు పూర్వపక్షి, కాస్త ఎకసెక్కంగా.

ఎకసెక్కం సంగతి అలా ఉంచితే ఉదాహరణ సరైనదే. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన పొడవాటి బట్ట మీద ఎర్రటి నేపథ్యంలో కథంతా వరసగా గళ్లు గళ్లుగా గీసి ఉంటుంది. కథ చెప్పే కూనపులివారు పద్మశాలీల ముందు ఆ పటాన్ని విప్పి, కర్రతో ఒక్కొక్క ఘట్టాన్ని చూపుతూ కులపురాణం పాడతారు. బొమ్మ పటంలో, మాట నోట్లో. ఒక ఘట్టం కథ ముగిశాకే పటం తర్వాతి ఘట్టానికి జరుగుతుంది. ఎక్కడ ఆగాలో, ఏ ఘట్టం సాగదీయాలో ఎదుటివాళ్ల ముఖాలు చూసి కథకుడే నిర్ణయిస్తాడు. పటం ఒక్కటే తీసుకెళ్లి గోడకు తగిలిస్తే అది అలంకారం. కథకుడి నోట్లోనే కథ ఉంది.

సిద్ధాంతి దీన్ని తనవైపు లాక్కుంటాడు. “అంటే ముందే గీసి పెట్టుకున్న బొమ్మల వరసకు మీకు అభ్యంతరం లేదన్నమాట. మేయర్ నియమానికి ఒక మినహాయింపు కూడా చూడండి. పాఠం భాష కొత్తదైతే తెరమీది అక్షరాలు మేలే చేస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం అయిన పిల్లలకు చెవిన పడ్డ పదం అక్షరాల్లో కనబడితేనే పట్టు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తున్నది ఆ అవసరాన్ని బట్టే కదా.” పూర్వపక్షి ఒప్పుకుంటాడు, ఒక షరతుతో: పదాలు పెట్టండి, పేరాలు వద్దు.

అసలు మాధ్యమానికి సొంత శక్తి ఏమైనా ఉందా అన్న తగవు విద్యాశాస్త్రంలో పాతదే. నేర్పేది బోధన పద్ధతి తప్ప మాధ్యమం కాదని రిచర్డ్ క్లార్క్ 1983లో తెగేసి చెప్పాడు. కొన్ని మాధ్యమాలు కొన్ని పద్ధతులను సాధ్యం చేస్తాయి కనుక రెంటినీ విడదీయలేమని రాబర్ట్ కోజ్మా తర్వాతి దశాబ్దంలో బదులిచ్చాడు. సిద్ధాంతి కోజ్మా వైపు. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం ఒక శీర్షాన్ని పట్టుకుని లాగితే మూడు కోణాలూ మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. నల్లబల్ల మీద ఎన్ని త్రిభుజాలు గీసినా ఈ ‘నిలిచిపోవడం’ కనబడదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో డబ్బాలోని వాయువుకు వేడి తగిలిస్తే అణువులు వేగం పుంజుకుని గోడలను కొట్టడం కనిపిస్తుంది.

“ఏది కనిపిస్తుంది?” పూర్వపక్షి ఇక్కడ న్యాయదర్శనం తీస్తాడు. “ప్రత్యక్షమా అది? పిల్లవాడు అణువులను చూశాననుకుంటాడు. చూసింది ప్రోగ్రాము రాసినవాడి సమీకరణాన్ని. అంటే అది శబ్ద ప్రమాణమే, ఆప్తవాక్యమే. ప్రత్యక్షం వేషం కట్టింది కనుక మామూలు మాట కంటే ప్రమాదం. మాస్టారి మాటను కనీసం అనుమానించవచ్చు; కళ్లతో చూసినదాన్ని ఎవరు అనుమానిస్తారు?”

ఈ అభ్యంతరానికి సిద్ధాంతి ఇచ్చే సమాధానం కాదనడం కాదు, క్రమం చెప్పడం. ముందు నిజమైన గిన్నె మీద మూత ఎగిరిపడటం చూడాలి. ఎందుకు ఎగిరిందో ఊహించాలి. అప్పుడు సిమ్యులేషన్ తెరిచి తమ ఊహ దానితో కలుస్తుందో లేదో పోల్చాలి. అలా చేస్తే తెర రుజువుగా కాక ఊహకు పరీక్షగా నిలుస్తుంది. క్రమం తిరగబడితే పూర్వపక్షి మాటే నిజమవుతుంది. సిమ్యులేషన్ తేలికగా దొరికే చోట ప్రయోగశాల తాళం తీయకుండానే ఏడాది గడిచిపోయే వీలుంది కనుక ఈ హెచ్చరిక సిద్ధాంతం కోసమే చేసింది కాదు.

ఇక తెరకు నిజంగా కొత్త బలం ఇచ్చింది బొమ్మ కాదు, ప్రశ్న. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజుర్ 1990ల మొదట్లో ఒక పద్ధతి తెచ్చాడు. కొంత పాఠం చెప్పి, తెరమీద ఆలోచింపజేసే ప్రశ్న ఒకటి పెడతాడు. ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. జవాబులు చీలిపోతే పక్కవాడితో వాదించుకుని మళ్లీ ఎంచుకోవాలి. తెలుగు తరగతిలో అలాంటి ప్రశ్న ఇలా ఉండొచ్చు: బావిలో చేద నీళ్లలో మునిగి ఉన్నంతసేపు తాడు లాగడం తేలిక, నీటి మట్టం దాటగానే బరువు. చేదలోని నీటి బరువు పెరిగిందా, తాడు మీది లాగుడు పెరిగిందా, చేతులు అలిసిపోయాయా? మూడింటికీ ఓట్లు పడతాయి. ఓటేసినవాడు తన జవాబును వెనకేసుకొస్తాడు, వెనకేసుకురావడానికి కారణం వెతుక్కుంటాడు. ఆర్కిమెడిస్ సూత్రం అప్పుడు చెబితే దానికి దిగడానికి చోటు ఉంటుంది.

“దీనికి యంత్రం ఎందుకు? చేతులెత్తిస్తే సరిపోదూ?”

“చేతులెత్తిస్తే మొదటి ర్యాంకువాడి చెయ్యి చూసి తక్కినవి లేస్తాయి. రహస్య ఓటులో ప్రతివాడూ తన జవాబుకు తానే పూచీ.” పిల్లల చేతికి పరికరం కూడా అక్కర్లేదు. ప్లికర్స్ అనే పద్ధతిలో ప్రతి విద్యార్థికీ గుర్తు ముద్రించిన కాగితపు కార్డు ఉంటుంది. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు. టీచరు ఫోను కెమెరాతో గదిని ఓసారి చూస్తే లెక్క తేలుతుంది. ఫోన్లు లేని ప్రభుత్వ బడికి ఖరీదైన డిజిటల్ ప్యానెల్ కంటే ఇదే ఎక్కువ నప్పుతుందని చెప్పడంలో తప్పులేదు. గడియారం పరుగెత్తిస్తూ ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లిచ్చే కహూట్ తరహా ఆటలను మాత్రం పూర్వపక్షి వదలడు: అక్కడ గెలిచేది వేగం, నెమ్మదిగా ఆలోచించేవాడు ఓడిపోవడం నేర్చుకుంటాడు. సిద్ధాంతి అభ్యంతరం చెప్పడు.

వేగం మాట వచ్చింది కనుక నల్లబల్ల ప్రస్తావనా తప్పదు. గుండె బొమ్మను సుద్దముక్కతో గీసే టీచరు ముందు నాలుగు గదులు గీస్తుంది, తర్వాత కవాటాలు, ఆ తర్వాత బాణాలు. పిల్లలు అదే వరసలో నోటుబుక్కులో గీస్తారు. చెయ్యి అలిసే వేగం మనసు పట్టే వేగానికి దగ్గరగా ఉంటుంది. స్లైడు మీద పూర్తయిన గుండె ఒక్క క్షణంలో దిగుతుంది, ఫోన్లున్నచోట అంతే త్వరగా ఫొటోగా మారుతుంది. కొట్టుకునే గుండెను మాత్రం సుద్దముక్క చూపలేదు. చలనం తెరకు, నిర్మాణం బల్లకు వదిలేస్తే తగవు లేదు.

మిగిలింది అధికారం సంగతి: పాఠం మీద పట్టు ఎవరిది? కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్ష 2017లో మొదలైంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు వచ్చాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు, ఆ మరుసటి ఏడాది హైస్కూలు గదులకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు అందాయి. “పటం ఎవరో గీశారు, కథ ఎవరో రికార్డు చేశారు. టీచరు మీట నొక్కే మనిషి,” అంటాడు పూర్వపక్షి. “కోవిడ్‌తో బడులు మూతబడ్డ ఏడాది అంతకంటే ఏముంది? ఫిజిక్స్ టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడికి రికార్డయినా మేలే,” అంటాడు సిద్ధాంతి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అయితే అత్యవసరంలో సరిపోయింది కదా అని దాన్నే ఏర్పాటుగా స్థిరపరిస్తే, ఖాళీ పోస్టు ఖాళీగానే ఉండటానికి ఒక సాకు దొరుకుతుంది. టీచరు వీడియోను మధ్యలో ఆపి “తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు?” అని అడిగే స్వేచ్ఛ, అడగగలిగే శిక్షణ ఉన్నచోట ఈ తగవు చాలా పలచబడుతుంది.

ఏది పనిచేసిందో తెలిసేదెలా అన్నది చివరి అంశం. ఇక్కడ అనుభూతిని నమ్మడానికి లేదు. నున్నగా సాగిన పాఠం వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా ఉన్నారు. వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది చదవడం ఆపి, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు. కనుక తెర ఆపేసి, వారం కిందటి పాఠం మీద ఐదు నిమిషాలు తెల్లకాగితం మీద రాయించాలన్న దగ్గర పూర్వపక్షి, సిద్ధాంతి కలుస్తారు. ఆ ఐదు నిమిషాలు పీరియడ్‌లో ఎక్కణ్నుంచి తీయాలన్నది మాత్రం తెగలేదు: పూర్వపక్షి వీడియోలోంచి తీయమంటాడు, సిద్ధాంతి నోట్సు చెప్పి రాయించే సమయంలోంచి.