వాయిదాల మీద వాటా

కిస్తీ కట్టేవాడికి నెలంతా ఒకే తారీకు గుర్తుంటుంది. ఆ కిస్తీలు వసూలు చేసే కంపెనీలో షేరు కొన్నవాడికి ఆ తారీకుతో పనే లేదు. దాచుకున్న కాసిన్ని డబ్బులు ఇలాంటి కంపెనీల్లో పెడదామా అని లెక్కలు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా నన్ను ఆపేది ఈ తేడాయే.

సూళ్లూరుపేటలో ఎండలు మొదలైతే ఫ్రిజ్‌ల కొట్లో ఫైనాన్స్ కుర్రాడికి తీరిక ఉండదు. ఆధార్, పాన్ అడుగుతాడు. ముఖం ఫోటో తీసుకుని, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమంటాడు. తెప్పించిన టీ తాగేలోపు అప్పు మంజూరు. "వడ్డీ లేదండీ, ప్రాసెసింగ్ ఫీజొక్కటే" అంటాడు. అసలు సున్నా వడ్డీ అన్నదే లేదని, ఆ వడ్డీ ఫీజు ముసుగులో వస్తోందని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించింది.

ఒకే రోజు ఒకే రకం ఫ్రిజ్ కొన్న రెండిళ్లను అనుకోండి. ఒకరిది శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో ఉద్యోగం. నెలాఖరుకు జీతం పడుతుంది. ఐదో తారీకున కిస్తీ కట్ అయిన సంగతి కూడా పట్టించుకోనక్కర్లేదు. రెండో ఇంటివాళ్లు పులికాట్‌లో వేటకు పోతారు. సరస్సులో నీళ్లుంటే చేపో రొయ్యో దొరుకుతుంది, ఎండలు ముదిరితే నేల బయటపడుతుంది. వాళ్ల రాబడికి తారీకు లేదు, కిస్తీకి ఉంది. ఐదున ఖాతాలో డబ్బు లేకపోతే కంపెనీ ఒక ఛార్జీ వేస్తుంది, బ్యాంకు ఇంకోటి వేస్తుంది. వాళ్లేం ఎగ్గొట్టేవాళ్లు కారు. నాలుగు రోజులాగితే సరుకమ్మి కట్టేస్తారు. ఈలోగా పడ్డ ఆ ఛార్జీ కంపెనీ పద్దులో ఆదాయం కింద చేరుతుంది. షేరుంటే అందులో నాకూ పైసో పరకో వస్తుంది.

అందుకే ఈ కంపెనీలను పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది డబ్బు ఎవరి జేబులోంచి, ఏ సందర్భంలో వస్తోందన్నది. అమెరికాలో అఫర్మ్ అనే వాయిదాల కంపెనీ ఆలస్యానికి జరిమానా వేయదు. వడ్డీ, వ్యాపారులిచ్చే కమీషన్ దాని ఆధారం. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆఫ్టర్‌పే ధరను నాలుగు వాయిదాలు చేసి, కొనేవాళ్ల దగ్గర వడ్డీ లేకుండా వ్యాపారుల దగ్గర కమీషన్ తీసుకుంటూ ఎదిగింది. తారీకు తప్పితే మాత్రం రుసుము వేస్తుంది. మన దగ్గర జరిమానా ఉన్నది క్రమశిక్షణ కోసమని, దాన్ని రాబడి పెంచుకునే దారిగా వాడుకోవద్దని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వులిచ్చింది. అంత వివరంగా చెప్పాల్సి వచ్చిందంటే ఆ దారిన నడిచినవాళ్లు ఉన్నారనేగా.

షేరు ధరను చూస్తే ఇదంతా తెలియదు. స్వీడన్ కంపెనీ క్లార్నా విలువ 2021లో 4,560 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 670 కోట్లు. అంత దూరం పోనక్కర్లేదు. 2010 ఆగస్టులో మన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 985 రూపాయలకు షేర్లు అమ్మితే జనం ఎగబడ్డారు. పల్లెల్లో ఆడవాళ్లు వారం వారం కట్టే కిస్తీల మీద నిలబడ్డ కంపెనీ అది. వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆరోపణలు ముదిరి, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కిస్తీలు ఆగిపోయాయి, షేరు కుప్పకూలింది. బాకీలు బ్రహ్మాండంగా వసూలవుతున్నాయని మురిసిన మదుపరుల్లో, ఎలా వసూలవుతున్నాయని ఆరా తీసినవాళ్లు ఎందరున్నారో!

వాయిదాలు చెడ్డవని నేననను. అవే లేకపోతే ఆ వేటకెళ్లే ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చేది కాదు. ఊళ్లో వడ్డీ వ్యాపారి అంతకన్నా దయగలవాడనీ అనను. కాకపోతే వాడు బాకీ ఉన్నవాళ్ల గుమ్మం ముందు నిలబడి, వాళ్ల మొహం చూసి అడగాలి. షేరు కొన్న నాకు ఆ బాధ లేదు. ఆ సుఖమే నన్ను కాస్త జాగ్రత్తగా ఉండమంటోంది. నా రాబడి ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ ఇంటావిడకు ఎదురుపడి చెప్పగలిగితే చాలు, దాన్ని మంచి సంపాదన అనుకుంటాను. కొట్టువాడి కమీషన్ గురించి చెప్పగలను, ముందుగా ఒప్పుకున్న వడ్డీ గురించీ చెప్పగలను. వేట లేని వారం వల్ల వచ్చిన లాభం గురించి చెప్పలేను.

కాబట్టి జరిమానాల మీద ఎదిగే కంపెనీ నాకొద్దు. ఆ లెక్క విడిగా చూపించని కంపెనీ కూడా వద్దు. జాబితాలో ఒకటో రెండో మిగిలితే వాటిలోనే, పోయినా తట్టుకోగలిగినంత పెడతాను. నాలుగు రూపాయలు తక్కువొస్తే తక్కువే రానీ.